మా గల్లీ దాటడానికి ఎంతసేపు

5 జూన్ 2005, ఆదివారం

ఈ డైరీ అనిత ఇచ్చింది. మైత్రీవనం దగ్గర ఏదో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పంచిపెట్టారట. ప్రతి పేజీ కింద కంప్యూటర్ కోర్సుల పేర్లున్నాయి. ఆరు నెలలుగా అల్మారాలో ఖాళీగా పడి ఉంది. నీ ఫికర్లన్నీ ఇందులో రాసుకో అత్తా, మా చెవులకు కొంచెం రెస్టు దొరుకుతుంది అంది. నవ్వుతూనే అంది. కోడలు మంచిదే. నేను సిరిసిల్లలో నాలుగో క్లాసు దాకా చదివాను. తప్పులుంటే ఉండనీ, చూసేవాళ్ళు లేరు.

ఇవాళ్టి ఫికరు. మగవాళ్ళంతా నర్సింహులు కిరాణా కొట్టు వెనక గదిలో మీటింగు పెట్టారు. నర్సింహులు బస్తీ కమిటీకి ప్రెసిడెంటు. నా కొడుకు రాజేందర్ సెక్రెటరీ. వాడిది టైలర్ షాపు, చేతిరాత బాగుంటుందని సెక్రెటరీని చేశారు. టూరిజం ప్రాజెక్టు ఒకటి వచ్చిందట. సిటీ చూడవచ్చేవాళ్ళకు చార్మినారు, గోల్కొండ చూపించి పంపేయకుండా బస్తీల్లోకి కూడా తీసుకొస్తారట. ఏం చేసినా బస్తీ వాళ్ళను అడిగే చేస్తారట. బల్కంపేటలో మా గల్లీని ఎంచుకున్నారు. మా బోనాల రోజు, జూలై 31న.

అందరూ మంచిదే అన్నారట. మురుగు మోరీ మీద బండలు పడతాయి, లైట్లు వస్తాయి. సంతకాలు కూడా అయిపోయాయి.

ఆ పేపరులో ఏం రాశారో రేపు అడగాలి.

6 జూన్, సోమవారం

రాజేందర్ చాయ్ తాగుతుంటే అడిగాను, ఆ పేపరులో ఏం రాశారని. ఫారంలో ఒక గడి ఉందట. బోనాలు మీ గల్లీ దాటడానికి ఎంతసేపు పడుతుందని. మగవాళ్ళందరూ కలిసి ఆలోచించి అరగంట అన్నారట. వీడు రాశాడట.

అరగంట.

9 జూన్, గురువారం

మగవాళ్ళది అబద్ధం కాదు. పోతరాజుతో, డప్పులతో వాళ్ళు ముందే వెళ్ళిపోతారు. గల్లీ మొగదల హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, ఆడేవాళ్ళు ఆడుతూ ఉంటారు. మేం అక్కడికి చేరాక మాతో కలిసి రోడ్డు దాటుతారు. ఆ చివరి ముక్కే వాళ్ళు చూసేది. వెనక ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు.

జరిగేది ఇది. గల్లీలో నలభై రెండు గడపలు. బోనం ఎత్తే ఆడవాళ్ళు ఇరవై ఆరు మంది. నెత్తిన బోనం ఉన్న ఆడది ఆ పూట వట్టి ఆడది కాదు, ఎల్లమ్మ తల్లే. ఏ గడప ముందుకు వస్తే ఆ ఇంటివాళ్ళు చెంబుతో ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి. వంగి మొక్కాలి. కొందరు ఏడుస్తారు, కొందరు పిల్లల్ని తెచ్చి కాళ్ళ దగ్గర పడుకోబెడతారు. తొందరపెట్టేది లేదు. ఒకామె కదిలితే ఇంకొకామె. ఆంధ్రావాళ్ళ ఇళ్ళు ఆరున్నాయి, వాళ్ళకు ఈ పద్ధతి లేదు, అక్కడ ఆగం. మిగతా అన్ని గడపల దగ్గరా ఆగాల్సిందే.

ఎంతసేపో గడియారం చూసి చెప్పలేను. నాకు ఎక్కాలు రావు. నా మోకాళ్ళకు వచ్చు.

రాజేందర్‌కు చెప్పబోయాను. వాడు షర్టు గుండీ పెట్టుకుంటూ, నువ్వు పుట్టుడే ఫికర్ తోని పుట్టినవమ్మా అని వెళ్ళిపోయాడు.

12 జూన్, ఆదివారం

వాన రాలేదు. నిద్ర రాలేదు.

16 జూన్, గురువారం

టూరిజం ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు మంజూష. గుంటూరు వైపు పిల్ల. జీన్సు ప్యాంటు, భుజానికి బ్యాగు. టేపు పట్టుకుని గల్లీ అంతా కొలిచింది. నేను గొళ్ళెం పెట్టుకుని కిటికీలోంచి చూశాను. టేపు పట్టుకున్న మనిషిని చూస్తే నాకు భయం. అవతలి గల్లీలో నాలుగిళ్ళ అరుగులు పోయినప్పుడు కూడా ముందు టేపే వచ్చింది.

అనిత బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. గల్లీకి రెండు పక్కలా గోడలను ఆనుకుని కుర్చీలు వేస్తారట. రెండు వందల మంది కూర్చుంటారట. అంటే ప్రతి గడపకూ అడ్డం. ఇంటివాళ్ళు చెంబు పట్టుకుని ఎవరి నెత్తి మీంచి దూకి రావాలి?

అంతకంటే పెద్దది ఇంకొకటి చెప్పింది. ఇన్నాళ్ళూ మా బోనాలకు పేపర్లు లేవు. మేం మెయిన్ రోడ్డు మీదికి వస్తే బండ్లు ఆగేవి, తిట్టుకునేవాళ్ళు తిట్టుకునేవారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ వాళ్ళ క్యాబులు ఆదివారం కూడా తెంపు లేకుండా పోతున్నాయి. అందుకని ఈసారి ట్రాఫిక్ పర్మిషన్ తీసుకున్నారు. పదిన్నర నుంచి పదకొండు దాకా. టైము దాటితే వచ్చే ఏడు నుంచి పర్మిషన్ ఇవ్వరట, మా గల్లీలో బోనం ఉండదు. అందరం ఎత్తుకుని నేరుగా మెయిన్ రోడ్డెక్కి బారికేడ్ల మధ్య క్యూలో గుడికి పోవడమే. గడపలు ఉండవు. నీళ్ళు ఉండవు. తల్లి మా ఇళ్ళ ముందుకు రాదు.

నలభై ఏళ్ళు నడిచిన దారి అరగంటలో పోతుంది. అరగంట అని రాసింది నా కొడుకు.

17 జూన్, శుక్రవారం

అన్నం సహించలేదు. అనిత పక్కన కూర్చుంది. ఈ ఏడు మా ఇంటి బోనం మొదటిసారి తనే ఎత్తాలి. నా మోకాళ్ళు పోయినేడే చెప్పేశాయి. మొదటిసారి ఎత్తుడే ఆఖరుసారి అవుతుందా అత్తా అని అడిగింది. కంచం పక్కకు జరిపాను.

మళ్ళీ తనే, మంజూష ఆఫీసు పంజాగుట్టలో ఉంది, పోయి చెప్పు అంది. నేనా? కమిటీ రాసిందాన్ని తప్పని నేను చెప్పాలా? అది రాజేందర్ రాత. పదిమందిలో కొడుకు మాటను తల్లే కోసినట్టు కాదా? మరి నువ్వే పో అన్నాను. కోడలు చెప్తే ఇంకా అన్యాయం అంది. అదీ నిజమే.

21 జూన్, మంగళవారం

పోయాను.

చెప్పకుండానే పోయాను. అమీర్‌పేట నుంచి షేర్ ఆటో ఎక్కితే ముగ్గురు ఇంజినీరు పిల్లల మధ్య ఇరుక్కున్నాను. పంజాగుట్టలో దిగాక ఆ బిల్డింగు దొరకలేదు. ఒకే బిల్డింగు చుట్టూ రెండుసార్లు తిరిగానని తర్వాత తెలిసింది. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది కానీ తలుపు మూసుకుంటే మళ్ళీ తెరుచుకుంటుందని ఏం నమ్మకం? మెట్లెక్కాను. ప్రతి మలుపులో వెనక్కి పోదామనుకున్నాను. దిగాలన్నా మోకాళ్ళు నొప్పే కదా అని పైకే పోయాను.

మంజూష నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది, ఆ రోజు కిటికీ వెనక ఉన్నాను. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. నేను గడపల సంగతంతా చెప్పాను. వింటూ వింటూ రాసుకోవడం ఆపేసింది. మరి కమిటీ అరగంటని ఎందుకు రాసిందని అడిగింది. నాకు భయమేసింది. కేసు పెడతారేమో అనుకున్నాను.

"నా కొడుకు అబద్ధం రాయలే బిడ్డా. వానికి ఎరుక లేదు. ఆడోళ్ళందరికి ఎరుకనే. మమ్మల్ని ఎవ్వలు అడగలే."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. బస్తీ వాళ్ళందరినీ మీటింగుకు పిలవమనే చెప్పానంది. కమిటీని పిలిచారు, కమిటీలో ఆడవాళ్ళు లేరు అన్నాను. పెన్నుకు మూత పెట్టింది. ఫారం పైకి వెళ్ళిపోయిందట. పైవాళ్ళకు మాటలు పనికిరావట, లెక్క కావాలట. నిజంగా ఎంతసేపు పడుతుందో కొలిచి చూపిస్తారా అని అడిగింది.

బోనాన్ని ఎలా కొలుస్తాం? పండుగ కాని రోజున ఎత్తడం తప్పు. అదే చెప్పి లేచాను. నా వెంట మెట్ల కింది దాకా వచ్చి ఆటో ఎక్కించింది.

22 జూన్, బుధవారం

రాజేందర్‌కు తెలిసింది. మంజూష నర్సింహులుకు ఫోను చేసింది, నర్సింహులు షాపుకు వచ్చి, మీ అమ్మ నీ మీద ఆఫీసుల కంప్లైంట్ ఇచ్చిందంట గదా అని నలుగురి ముందు నవ్వాడట. వాడు నన్నేమీ అనలేదు. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పోయాడు. అంటే బాగుండేది.

24 జూన్, శుక్రవారం

రాజేందర్ ఇంకా మాట్లాడడం లేదు. గుడికి వెళ్ళి తల్లికి చెప్పుకున్నాను, కొలవడానికి బోనం ఎత్తము అని. పసుపు పెట్టము, దీపం పెట్టము, వేపాకు కట్టము. వట్టి బిందెలు. మంచినీళ్ళు మోసుకొస్తున్నామనే అనుకో. కోపముంటే నా మీద చూపించు, ఆ పిల్లల మీద వద్దు.

26 జూన్, ఆదివారం

కొలిచాం.

ఎనిమిది మంది వచ్చారు. స్టీలు బిందెల్లో సగం దాకా నీళ్ళు. మంజూష కూడా వచ్చింది, మెడలో గడియారం వేలాడేసుకుని. నేనూ ఒకటి మోస్తానంది. ప్యాంటు మీద నెత్తిన బిందె పెట్టుకుంటే చూసి అనిత వాళ్ళు ఒకటే నవ్వు. ఐదో గడప దగ్గర మెడ నొప్పి, కాసేపు దించుతానంది. దించేది లేదు అని ఎనిమిది మందీ ఒక్కసారే అన్నారు. ఆ తర్వాత నోరెత్తకుండా నడిచింది. మేం ఆగే ప్రతి గడపా బయటికొచ్చి నీళ్ళు పోసింది. ఉత్తుత్తికే అని ముందే చెప్పాను. అయినా పెంటయ్య తల్లి కళ్ళు మూసుకుని నిజంగానే మొక్కింది. పండుముసలిది, ఆమెకు ఉత్తుత్తి ఏంటి, నిజమేంటి.

మగవాళ్ళు నర్సింహులు కొట్టు ముందు నిలబడి చూశారు. మొదట మాటలు విసిరారు, టోర్నమెంటా అక్కా, కప్పు ఎవరికి అని. పదో గడప వచ్చేసరికి మాటలు తగ్గాయి. ఇరవయ్యో గడప దగ్గర అంతా సద్దుమణిగింది. రాజేందర్ కూడా వాళ్ళలో ఉన్నాడు. అందరూ అన్నాలకు పోయినా వాడు పోలేదు.

రెండు గంటల పది నిమిషాలు. అదీ మంజూషతో కలిపి తొమ్మిది మందికి. ఇరవై ఆరు మందైతే మూడున్నర గంటలని మంజూష లెక్క కట్టింది. మెడ పట్టేసి తల ఒక పక్కకే తిప్పుతోంది పాపం.

28 జూన్, మంగళవారం

మంజూష వచ్చి చెప్పింది. ట్రాఫిక్ పర్మిషన్ అరగంట కంటే నిమిషం కూడా పెంచరట. మెయిన్ రోడ్డును మూడున్నర గంటలు మూసేది కలలో మాటట. కుర్చీలు కూడా అలాగే ఉంటాయట.

కొలిచి చెడగొట్టానా? కొలవకపోతే ఎవరికీ తెలియకపోయేది. తెలియకపోయినా పదకొండు అయితే అయ్యేదే. ఇటు నుంచి ఆలోచించినా అటు నుంచి ఆలోచించినా అక్కడికే వస్తున్నాను.

30 జూన్, గురువారం

ఎదురింటి జానకీదేవి గారు పిలిచారు. వాళ్ళది భీమవరం వైపు. ఆయన, అచ్యుతరావు గారు, గవర్నమెంటు ఆఫీసులో రిటైరయ్యారు. కింది రెండంతస్తులూ లేడీస్ హాస్టల్, జావా నేర్చుకునే పిల్లలు ఉంటారు. ఇరవై రెండేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళు. కూరగాయల బండి దగ్గర మాటలే తప్ప వాళ్ళింట్లో నేను కూర్చున్నది లేదు.

ఆ పర్మిషన్ కాగితం చూపించమన్నారు. అనిత దగ్గర జిరాక్సు ఉంది, తెచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివారు. అరగంట అన్నది మెయిన్ రోడ్డు దాటడానికేనట. గల్లీ గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదట. గల్లీలో మీరు తెల్లారే మొదలుపెట్టుకుంటే ఆపేదెవరండీ అన్నారు.

నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. ఆరున్నరకు మొదటి గడప దగ్గర బయల్దేరితే పదికల్లా గల్లీ మొగదలకు వస్తాం. ఇరవై ఆరు మందిమీ అక్కడ కూడి, పదిన్నరకు ఒక్కసారే రోడ్డు దాటితే ఎంతసేపు? అరగంట కూడా ఎక్కువే.

చాయ్ తాగుతుంటే ఆవిడ ఇంకో మాట అన్నారు. అది ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

"ఏటా పైనుంచి చూస్తూనే ఉన్నానండీ కాంతవ్వగారూ. మా గేటు దాటుకుని వెళ్ళిపోతుంటారు. మీరు పిలవలేదు, నేను దిగలేదు."

వాళ్ళు పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు, మా బోనాలంటే వాళ్ళకు చిన్నచూపు అని మేం అనుకున్నాం. తాము ముట్టుకుంటే మేం తప్పు పడతామని వాళ్ళు అనుకున్నారు. ఇరవై రెండేళ్ళు.

పిలిచాను. అక్కడికక్కడే.

ఇంటికొచ్చాక తట్టింది. ఈవిడ చెంబు పట్టుకుని నిలబడగలిగితే, సిటీ చూడవచ్చేవాళ్ళు ఎందుకు నిలబడలేరు? కుర్చీలెందుకు?

3 జూలై, ఆదివారం

మీటింగు. ఈసారి ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి వెళ్ళాం. నర్సింహులు కొట్టు వెనక గది చాలక బియ్యం బస్తాల మీద కూర్చున్నాం. జానకీదేవి గారికి స్టూలు వేశారు. మంజూష ఒక మూల నిలబడి రాసుకుంది.

ఆరున్నరకే బయల్దేరుతామంటే మగవాళ్ళు ఒప్పుకోలేదు. అంత పొద్దున డప్పులవాళ్ళు రారన్నారు. పోతరాజు లేవడన్నారు. వండేది ఎప్పుడు, పోయేది ఎప్పుడు అన్నారు. వండేది మేము, మూడింటికి లేస్తాం అంది అనిత. ఎవరో వెనక నుంచి, కొలతలకు పోయిన అత్తాకోడళ్ళు గదా అని ఎత్తిపొడిచారు. నేను కూర్చున్న బస్తా మూతిని గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు రాజేందర్ లేచాడు. పదకొండు రోజులుగా నాతో మాట్లాడని కొడుకు. నా వైపు చూడకుండా నర్సింహులు వైపు తిరిగి అన్నాడు.

"అరగంట అని రాసింది నేనే అన్నా. చిన్నప్పటి సంది గల్లీ మొగదల నిలబడి ఆళ్ళ కోసం సూసుడే తప్ప, ఎనక ఏం జరుగుతదో ఒక్కనాడు సూడలే. మొన్న సూసిన. ఆళ్ళు చెప్పిన టైమే రాయుండ్రి."

 నర్సింహులు తల గోక్కుని, సరే, డప్పులోళ్ళకు నేను చెప్త అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. గడపకు ఇద్దరే. వచ్చేవాళ్ళను గోడల పక్కన కూర్చోబెట్టొద్దు. ఒక్కో ఇంటికి ఇద్దరిని ఇవ్వండి, మా గడప మీద మాతోపాటు నిలబడతారు. చెంబు మేమిస్తాం, ఎలా పోయాలో చెప్తాం, టిఫిన్ పెడతాం. నర్సింహులుకు నచ్చలేదు. ఎక్కువ మంది వస్తే బస్తీకే గదా లాభం అన్నాడు. మూడో మనిషి వచ్చి గడప మీద నిలబడితే ఇంటామె లోపలే ఉండిపోతది అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. మంజూష రాసుకుంది. ఇంకోసారి చెప్పండి అంది. 

ఇంటికి వచ్చేటప్పుడు రాజేందర్ నా చెప్పులు వెతికి తెచ్చి ముందు పెట్టాడు.

11 జూలై, సోమవారం

పైవాళ్ళు ఒప్పుకున్నారు. రెండు వందలు కాదు, అరవై మంది, ముప్పై గడపలకు. కుర్చీలు లేవు. వచ్చేవాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఉండవు. కాకపోతే ఇది ట్రయల్ అట. బాగుంటే వచ్చే ఏడు కూడా మా గల్లీయే. పదకొండు దాటితే మెయిన్ రోడ్డు క్యూ. ఆ మాట మాత్రం మార్చలేదు.

15 జూలై, శుక్రవారం

వచ్చేవాళ్ళు చెప్పులతో గడప ఎక్కితే?

19 జూలై, మంగళవారం

నీళ్ళు పోయమంటే మొఖాన పోస్తే? వేపాకు నమిలితే? వాన పడి మోరీ పొంగితే? డప్పులకు భయపడి ఎవరికైనా గుండె ఆగితే? పోసే వరుస తెలియక గడపకు ఐదు నిమిషాలు ఎక్కువైతే, నలభై గడపలకు ఎంత? అనితను అడిగితే లెక్క చెప్పనంది. చెప్తే నేను నిద్రపోనట.

24 జూలై, ఆదివారం

కొత్త కుండకు అనిత సున్నం పూసి ఆరబెట్టింది. మూడుసార్లు దిష్టి తీశాను. కుండకు.

30 జూలై, శనివారం

హాస్టల్ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గల్లీ మొత్తం కడిగారు. జానకీదేవి గారు రాగి చెంబు తోముకుంటున్నారు. గేటు దగ్గర కూర్చుని, చింతపండుతో, పొద్దుటి నుంచి.

31 జూలై, ఆదివారం. తెల్లవారుజాము

మూడున్నర. అన్నం పొయ్యి మీద ఉంది. వాన లేదు. అనిత తలస్నానం చేసి తడి జుట్టుతో కూర్చుంది. భయమా అని అడిగితే, నువ్వున్నవు గదా అత్తా, ఇంట్ల ఇద్దరెందుకు అంది.

అదే రోజు. సాయంత్రం

 వరుసగా రాస్తాను.

ఆరుకు బస్సు వచ్చింది. మా గడపకు పూణే నుంచి సీతాబాయి, ఆమె భర్త. ఇద్దరూ రిటైరయిన టీచర్లు. చెప్పులు వీధిలోనే విప్పేశారు, నేను చెప్పకముందే. నా ఉర్దూ ముక్కలు, ఆమె హిందీ ముక్కలు కలిపి సరిపెట్టుకున్నాం. చెంబు చేతికిచ్చి, ధార సన్నగా, రెండు పాదాల మీద, తర్వాత వంగాలి అని చూపించాను. ఆమె నా మోకాళ్ళు చూసి, నువ్వు వంగొద్దు, నీ వంతు కూడా నేనే వంగుతా అంది. ముక్కూ మొహం తెలియని మనిషి.

ఆరున్నరకు డప్పు మోగింది. నర్సింహులు భార్య ముందు, వెనక ఇరవై ఐదు మంది. అనిత ఆరోది. మగవాళ్ళు ఈసారి ముందుకు ఉరకలేదు. గడప గడప దగ్గరా నీళ్ళ బకెట్లు నింపుతూ వెనకే ఉన్నారు. అంతా చక్కగా పోతోంది. వచ్చినవాళ్ళు ఒద్దికగా పోస్తున్నారు. ఒకాయన పోసి పోసి వదలలేదు, చెంబు లాక్కోవాల్సి వచ్చింది, అంతే.

తొమ్మిదికి మా గడప, దాని ఎదురుగా జానకీదేవి గారి గేటు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, రాగి చెంబు పట్టుకుని నిలబడ్డారు. పక్కన అచ్యుతరావు గారు, వెనక హాస్టల్ పిల్లలు. నర్సింహులు భార్య వచ్చింది. మా గడప దగ్గర ఆగింది. సీతాబాయి నీళ్ళు పోసింది. ఆ తర్వాత నర్సింహులు భార్య ఎదుటి గేటు దాటేసి తర్వాతి గడపకు పోయింది.

కావాలని కాదు. ఇరవై రెండేళ్ళుగా కాళ్ళకు అలవాటు. అక్కడ ఆగేది లేదని కాళ్ళకు తెలుసు. రెండో ఆమె పోయింది. మూడో ఆమె పోయింది. జానకీదేవి గారి చెయ్యి చెంబుతో సహా ముందుకు చాచి అలాగే ఉంది. నాలుగో ఆమె పోయింది. ఐదో ఆమె పోయింది. ఆవిడ చెయ్యి మెల్లగా దించేస్తున్నారు.

బోనం ఎత్తిన మనిషిని వెనక్కి పిలవకూడదు. తల్లి వెనక్కి తిరగదు.  ఆగితే టైము పోతుంది. టైము పోతే దారే పోతుంది. ఆగకపోతే ఈవిడ ఇంకెప్పటికీ మెట్లు దిగరు. రెండూ ఒక్కసారే కళ్ళ ముందు కనిపించాయి. ఎన్ని ఫికర్లు పడ్డానో కానీ ఇది మాత్రం నా లెక్కలో లేదు.

గడప దిగి గల్లీ మధ్యలోకి పోయాను. ఆరోది నా కోడలు. మోచేయి పట్టుకుని గేటు వైపు తిప్పాను.

"అనితా, ఈ గడప."

అనిత తిరిగింది. జానకీదేవి గారు పోశారు. ధార కుదురుగా లేదు, సగం నేల మీదే పోయింది. వంగారు, ఇక లేవలేదు. పిల్లలు పట్టుకుని లేపారు. వెనక వచ్చినవాళ్ళంతా అక్కడ ఆగారు, ఒక్కరు తప్పకుండా. అవతలికి పోయిన ఐదుగురూ సంగతి తెలిసి నిలబడిపోయారు, వెనక్కి రాలేరు కదా. ఆవిడే చెంబు పట్టుకుని వాళ్ళ ముందుకు ఉరికారు. అరవై ఏళ్ళ మనిషి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని. రెండిళ్ళ అవతల, ఎవరిదో గడప మీద నిలబడి ఆ ఐదుగురికీ పోశారు. మిగిలిన ఐదు ఆంధ్రా ఇళ్ళూ అది చూశాయి. ఒక్కొక్కరూ లోపలికి పోయి చెంబులు తెచ్చుకున్నారు. చెంబు దొరకని ఇంట్లోంచి కాఫీ గిన్నె వచ్చింది.

ఆరు కొత్త గడపలు. మా లెక్కలో లేని ఆరు గడపలు.

గల్లీ మొగదలకు ఆఖరు బోనం చేరేసరికి పదీ నలభై నాలుగు. మంజూష మెడలో గడియారం చూపించింది. రోడ్డు మీద ట్రాఫిక్ ఆపి పద్నాలుగు నిమిషాలైంది. హారన్లు.  నేను చేసిన పనికి గల్లీకి గల్లీ మునిగిందనుకున్నాను.

రాజేందర్ తాడు పట్టుకున్నాడు. ఈ చివర వాడు, ఆ చివర నర్సింహులు. తాడు చాలలేదు. సీతాబాయి పోయి తాడు చివర పట్టుకుంది, ఆమె చెయ్యి ఆమె భర్త పట్టుకున్నాడు, అతని చెయ్యి ఒక హాస్టల్ పిల్ల. అలా వచ్చినవాళ్ళూ, ఉన్నవాళ్ళూ కలిసి రోడ్డుకు రెండు గోడలు కట్టారు. మధ్యలోంచి ఇరవై ఆరు బోనాలు పోయాయి. ఉరకలేదు. బోనం ఉరకదు. వేపరెమ్మలు ఊగుతూ, దీపాలు ఆరకుండా, ఒకదాని వెనక ఒకటి. అనిత వీపు ఒక్కటే కనిపించింది నాకు. ఆ తర్వాత అది కూడా కనిపించలేదు, కళ్ళలో నీళ్ళు.

పదీ యాభై ఎనిమిది.

1 ఆగస్టు, సోమవారం

పైవాళ్ళ మాట ఇంకా తెలియదు. రాజేందర్ షాపు ఆలస్యంగా తెరిచాడు. గేటు దగ్గర ఏం జరిగిందో నాతో మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

4 ఆగస్టు, గురువారం

జానకీదేవి గారు అడిగారు, వచ్చే ఏడు బోనం తనూ ఎత్తొచ్చా అని. మెడ నొప్పి పుడుతుందేమో అన్నాను. పుట్టనీ అన్నారు.

9 ఆగస్టు, మంగళవారం

మంజూష ఫోను, రాజేందర్ షాపుకు. వచ్చే ఏటి ఫారం నింపుతోందట, మా గల్లీ పేరుతోనే. ఎంతసేపు అన్న గడి దగ్గర ఆగి అడిగింది.

రాజేందర్ కుడిచేతిలో కత్తెర ఉంది. ఎడమచేత్తో ఫోను నా చెవికి పెట్టి పట్టుకున్నాడు.

పొద్దంతా, అని చెప్పాను.